అల్యూమినియం పడవకు రాడ్ హోల్డరు బిగించుట : ఒక చిన్న రంధ్రము నేర్పు పాఠము

శాస్త్రము పుస్తకములలోను, పని పనివాని చేతులలోను ఉండునని మనలో చాలమంది తలంచుచుందురు. పరీక్షలో తులాదండ నియమమును ఒక్క తప్పు లేక వ్రాసిన విద్యార్థియే, ఇంటిలో తలుపు బందు ఊడినపుడు అదే వదులు రంధ్రములో అదే మరమేకును మరల త్రిప్పుచుండుటను మేము చూచియున్నాము. పుస్తకమునకును పనికిని నడుమనున్న గోడ ఎంత పలుచనిదో చూపుటకై ఒక చిన్న పనిని తీసికొని ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. ఆ పని, చిన్న అల్యూమినియం పడవకు గాలపుకర్రను పట్టి నిలుపు గొట్టమును, అనగా రాడ్ హోల్డరును బిగించుట.

ఇది మన ఊరి పని కాదు గదా యని పాఠకులు శంకింపవచ్చును. నిజమే. ఈ విషయము మా బల్లమీదికి వచ్చిన విధమును ముందుగా చెప్పవలసియున్నది.

మా కళాశాలలో బి.ఎస్‌సి. చదివి, పిమ్మట అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున స్థిరపడిన పూర్వ విద్యార్థి యొకడు గత శీతకాలములో ఊరికి వచ్చి మమ్ము చూడవచ్చెను. చేతిసంచిలో నుండి పాత వార్తాపత్రికలో చుట్టిన ఒక రేకుముక్కను తీసి బల్లపై పెట్టి, "సార్, మీ దగ్గర చదివిన పాఠాన్నే మరిచిపోయి పిల్లవాణ్ణి నీళ్ళపాలు చేయబోయినాను" అనెను.

అతడు అక్కడ 14 అడుగుల పాత అల్యూమినియం పడవ నొకదానిని కొనియుండెను. దాని అంచునకు రెండు హోల్డరులను తానే బిగించెను. అంచు క్రింద బలమునకై చెదలు పట్టకుండ మందు పట్టించిన చెక్కముక్కను పెట్టి, పై నుండి రేకు గుండ చెక్కలోనికి మరమేకులు త్రిప్పెను. మొదటి వేసవి సుఖముగా గడచెను. రెండవ వేసవిలో ఒక ఆదివారమున ఎర నీటి అడుగున నున్న దుంగకు తగులుకొనెను. మోటారు నడచుచునే యుండెను. దారము బిగిసెను, కర్ర విల్లువలె వంగెను, హోల్డరు తన క్రింది రేకును చింపుకొని లేచిపోయెను. ప్రక్కన కూర్చున్న పదేండ్ల కుమారుడు కర్రను పట్టుకొనబోయి నడుము వరకు నీటిమీదికి వాలిపోయెను. లైఫ్ జాకెట్టు వెనుక పట్టీ తండ్రి చేతికి దొరికెను గనుక ఆ కథ మాకు చెప్పుకొనదగిన కథగా మిగిలెను.

మరునాడు ఆ ముక్కను తరగతిలో చేతులు మార్చి చూపితిమి. చింపిన రేకు చుట్టును తెల్లని పొడి, చిన్న చిన్న గుంటలు ఉండెను. వెనుక బల్లమీది విద్యార్థి యొకడు లేచి, "సార్, ఇది జంగు కాదు కదా? జంగు పడితే ఎర్రగా ఉండాలి, ఇది సున్నంలాగా ఉంది" అని అడిగెను. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసమున సగము. తక్కిన సగము, ఆ హోల్డరు అంత సులభముగా ఎందుకు ఊడివచ్చెనను ప్రశ్నకు సమాధానము.

పడవయు, పరికరమును

అల్యూమినియం ఒకప్పుడు అరుదైన లోహము. 1884లో అమెరికా రాజధానిలోని వాషింగ్టన్ స్మారకస్తంభము కొనకు అల్యూమినియం తొడుగును పెట్టుట ఒక గొప్ప విశేషముగా చెప్పుకొనబడెను. 1886లో అమెరికాలో చార్లెస్ మార్టిన్ హాల్, ఫ్రాన్సులో పాల్ ఎరూ ఒకరినొకరు ఎరుగకయే విద్యుత్తుతో దానిని ఖనిజము నుండి వేరుచేయు మార్గమును కనుగొనిరి. దానితో ఆ లోహము మన వంటయింటి సత్తుగిన్నె వరకు దిగివచ్చెను. రెండవ ప్రపంచ యుద్ధము ముగియగనే విమానములు చేయు గ్రుమన్ కంపెనీ అదే రేకుతో తేలిక పడవలను చేయ నారంభించెను. ఉక్కు సాంద్రత సుమారు 7.85 కాగా అల్యూమినియం సాంద్రత 2.7 మాత్రమే. కావున ఇద్దరు మనుష్యులు ఎత్తి వాహనముపై పెట్టుకొనదగిన పడవ సాధ్యమయ్యెను.

మిషిగన్ రాష్ట్రమున 11,000కు పైగా లోతట్టు సరస్సులు కలవు. అచ్చట 12 నుండి 16 అడుగుల అల్యూమినియం పడవ సామాన్య కుటుంబపు వస్తువు. దాని రేకు సాధారణముగా మెగ్నీషియం కలిపిన మిశ్రమ లోహము. 5052 అను సంఖ్యతో పిలువబడు మిశ్రమములో మెగ్నీషియం రమారమి 2.5 శాతము. రివెట్లతో కూర్చిన చిన్న పడవలలో ఈ రేకు మందము తరచుగా 1.3 మొదలు 2 మిల్లీమీటర్ల లోపుననే యుండును. అనగా మన చేతిలోని రూపాయి నాణెము కంటె ఎంతయో దళసరి యని చెప్పుటకు వీలులేదు.

హోల్డరు ఏటవాలుగా నిలుచు ఒక గొట్టము. దాని పాదమున నాలుగు రంధ్రముల పళ్ళెము ఉండును. పడవ మెల్లగా సాగుచుండగా వెనుక ఎరను లాగుకొనిపోవు వేటలో, చేతులు చుక్కాని మీదనో తెడ్ల మీదనో ఉన్నపుడు కర్రను పట్టియుంచుట దీని పని. మిషిగన్ చట్టము ప్రకారము ఒక్కొక్కరు మూడు గాలముల వరకు వేయవచ్చును. మనిషికి చేతులు మాత్రము రెండే. హోల్డరు పుట్టుకకు ఇదియే హేతువు.

మొదటి పాఠము : తులాదండము

తొమ్మిదవ తరగతిలోనే మనము భ్రామకమును నేర్చుకొందుము. బలమును, ఆధారబిందువు నుండి దాని దూరమును గుణించిన వచ్చునది భ్రామకము. గాలపుకర్ర ఒక పొడవైన తులాదండము. దాని కొన వద్ద చేప లాగును. మొదటి వద్ద హోల్డరు పట్టుకొనును.

ఒక లెక్క చూతము. దారము 20 పౌనులు, అనగా సుమారు 9 కిలోల బరువునకు తెగునది అనుకొందము. కర్ర రెండు మీటర్లున్నను, వంగినపుడు లాగుడు పనిచేయు దూరము తగ్గును. దానిని ఒక మీటరుగా తీసికొందము. చక్రమునందలి బిగువును మితిమీర బిగించిన యెడల దారము తెగువరకు వచ్చు భ్రామకము 9 కిలో-మీటర్లు. హోల్డరు పాదమున ముందు బోల్టులకు, వెనుక బోల్టులకు నడుమ దూరము 7.5 సెంటీమీటర్లే. 9ని 0.075తో భాగించిన 120 వచ్చును. చేప కేవలము 9 కిలోల బలముతో లాగుచున్నను, వెనుక జత బోల్టులను రేకు నుండి పెరికివేయ చూచు బలము 120 కిలోలన్నమాట; ఒక్కొక్క బోల్టుకు 60 కిలోలు.

మా పూర్వ విద్యార్థి తలచినదేమి? "చేప ఎంత బరువుండును? రెండు కిలోలు, మూడు కిలోలు. నాలుగు మరమేకులు చాలవా?" అని. చేప బరువును లెక్కించెనే గాని కర్ర పొడవును లెక్కింపలేదు. అన్నిటికంటె పెద్ద చేప నీటి అడుగునున్న దుంగ. అది అలసిపోదు, వెంబడి రాదు. పడవ బరువు, మోటారు వేగము రెండును దారముపై పడును.

ఈ లెక్కయే మనకు మొదటి జాగ్రత్తను కూడ చెప్పుచున్నది. అనుభవజ్ఞులు చక్రపు బిగువును దారపు బలములో నాలుగవ వంతు మొదలు మూడవ వంతు వరకే ఉంచుదురు. నాలుగవ వంతున, అనగా 2.25 కిలోల వద్ద దారము జారినచో, పై 120 కిలోలు 30 కిలోలకు దిగును. రూపాయి ఖర్చు లేక, చేతితో ఒక మర త్రిప్పుటచే హోల్డరు నాలుగింతలు బలపడినట్లే.

రెండవ పాఠము : పలుచని రేకు

మరమేకు పట్టు దాని మరచుట్లలో ఉన్నది. పావు అంగుళపు సాధారణ మరలో ఒక చుట్టునకు మరియొక చుట్టునకు దూరము సుమారు 1.27 మిల్లీమీటర్లు. రేకు 1.6 మిల్లీమీటర్లైనచో దానిని పట్టుకొన్న చుట్టు ఒకటి, మహా యనిన ఒకటింబావు. అరవై కిలోల లాగుడును ఒక్క చుట్టు ఎంతకాలము ఆపగలదు? కనుక పలుచని రేకులోనికి మరమేకును త్రిప్పి దానిని నమ్ముట తగదు. బోల్టును రేకు గుండ ఆవలికి పంపి నట్టు బిగించుటయే సరియైన మార్గము.

నట్టు బిగించినను వేరొక చిక్కు కలదు. చిన్న వాషరు వైశాల్యము ఒక చదరపు సెంటీమీటరు కూడ ఉండదు. బలమంతయు ఆ చిన్న వలయము అంచున పడి రేకును గిన్నెవలె గుంట చేయును, పిమ్మట చించును. అందువలన రేకు వెనుక 10 సెంటీమీటర్లు వెడల్పు, 15 సెంటీమీటర్లు పొడవు గల మందపాటి అల్యూమినియం పలకను పెట్టి నాలుగు బోల్టులను దాని గుండ తీయుదురు. దీనిని వెనుక పలక యందము. దీని వైశాల్యము 150 చదరపు సెంటీమీటర్లు. వాషరు కంటె నూరింతలకు మించినది. బలము పలకయంతటను సమానముగా పంచబడదు; బోల్టు చెంత హెచ్చుగను, దూరమున తక్కువగను ఉండును. అందుచేతనే పలక కనీసము 3 మిల్లీమీటర్లు దళసరిగా ఉండవలెను. పలుచని పలక తానే వంగి తన ధర్మమును వదలివేయును.

రంధ్రమును గూర్చి కూడ ఒక మాట. లాగబడుచున్న వెడల్పాటి రేకులో గుండ్రని రంధ్రము చేసినచో దాని అంచున ప్రతిబలము మూడింతలగునని 1898లోనే కిర్ష్ అను జర్మను ఇంజనీరు గణితముతో చూపెను. రంధ్రపు అంచున బరకదనము, గీత ఉన్నచో అది ఇంకను హెచ్చును. అల్యూమినియమునకు మరియొక స్వభావము కలదు: చిన్న బలమైనను లక్షలసార్లు వచ్చిపోయినచో అలసట చెంది పగులును. 1954లో కామెట్ అను జెట్ విమానములు రెండు ఆకాశముననే విచ్ఛిన్నమైనవి. ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో విమాన దేహమును నీటితొట్టిలో నుంచి, ఒత్తిడిని పెంచుచు తగ్గించుచు పరీక్షించినపుడు, కిటికీల వంటి తెరపుల మూలల చెంత పుట్టిన అలసట పగుళ్ళే కారణమని తేలెను. చిన్న పడవకు అంత ఆపద లేకున్నను ధర్మమొక్కటే. రంధ్రము చేసినవాడు దాని అంచును ఆకురాయితో నునుపు చేయకుండ లేవరాదు.

మూడవ పాఠము : రెండు లోహముల వైరము

ఇపుడు వెనుక బల్లమీది విద్యార్థి ప్రశ్నకు వత్తము. ఇనుము చిలుము ఎర్రనిది. అల్యూమినియం చిలుము తెల్లనిది. సామాన్యముగా అల్యూమినియమును కాపాడునది దాని చిలుమే. గాలి తగిలిన వెంటనే దానిపై కంటికి కనబడని ఆక్సైడు పొర ఏర్పడి లోపలి లోహమునకు కవచమగును. కాని ఉప్పు, పులుపు, నిలువ చెమ్మ ఆ కవచమును భేదించును. పులుసును సత్తుగిన్నెలో రాత్రియంతయు ఉంచరాదని మన ఇండ్లలో పెద్దలు చెప్పుట ఈ అనుభవమువలననే. పెండ్లివంటల రాగి డేగిసాలకు కళాయి పూయించుటలో ఉద్దేశమును ఇదియే: లోహమునకును పులుపునకును నడుమ ఒక తెర.

ఒక లోహము ఒంటరిగా ఉన్నపుడు జరుగు క్షయము కొంత. వేరొక లోహముతో తాకి, రెండును తడిసినపుడు జరుగు క్షయము చాల. మా ప్రయోగశాలలో ఒక గాజు పాత్రలో ఉప్పునీరు పోసి, అల్యూమినియం పట్టీని, రాగి పట్టీని ముంచి, వోల్టుమీటరు కలిపితిమి. ముల్లు సుమారు అర వోల్టు చూపెను. ఉప్పు లేని కుళాయినీటిలో విద్యుత్ప్రవాహము మిక్కిలి తగ్గెను. చిటికెడు ఉప్పు వేయగనే గాల్వనామీటరు ముల్లు ప్రక్కకు దూకెను. అది చిన్న బ్యాటరీ. ఆ బ్యాటరీ నడచుటకు కరిగిపోవుచున్నది అల్యూమినియమే.

ఈ సత్యమును నావికులు శాస్త్రజ్ఞుల కంటె ముందుగనే, కారణము తెలియకయే, చూచిరి. 1761లో బ్రిటిష్ నౌకాదళమువారు అలారం అను యుద్ధనౌక అడుగునకు, కొయ్యను తొలుచు పురుగుల నుండి కాపాడుటకై రాగి రేకులను తాపడము చేయించిరి. నౌక వెస్ట్ ఇండీస్ నుండి తిరిగివచ్చిన పిమ్మట 1763లో పరీక్షింపగా రాగి చెక్కుచెదరలేదు. దానిని పట్టియుంచిన ఇనుప మేకులు మాత్రము అనేక చోట్ల తినివేయబడియుండెను. కాని కొన్ని మేకులు మంచి స్థితిలో కనబడెను. అవి ఏవి? రాగి రేకులకు చుట్టి పంపిన గోధుమరంగు కాగితము మేకు తల క్రింద చిక్కుకొని మిగిలిపోయిన చోట ఉన్నవి! కాగితమంత తెర రెండు లోహములను వేరుచేసి మేకును కాపాడెను. వోల్టా తన బ్యాటరీని లోకమునకు తెలియజేయుట 1800లో గదా. అంతకు ముప్పదియేడు సంవత్సరములకు ముందే ఒక కాగితపు ముక్క ఆ పాఠమును చెప్పియుండెను.

మన పడవకు దీనిని అన్వయింతము. తుప్పుపట్టని ఉక్కు బోల్టులు అల్యూమినియమునకు భిన్నమైన లోహమే. అయినను పెద్ద అల్యూమినియం రేకులో చిన్న ఉక్కు బోల్టు ఉన్నపుడు క్షయము విశాలమైన రేకుపై పంచబడును. మంచినీటి సరస్సులో అది సహింపదగినది. దీనికి విపర్యయము ప్రమాదకరము. పెద్ద ఉక్కు పళ్ళెమును చిన్న అల్యూమినియం రివెట్లతో బిగించినచో రివెట్లు త్వరలోనే కరిగిపోవును. ఇత్తడి, రాగి బోల్టులను అల్యూమినియం పడవకు ఎన్నడును వాడరాదు.

మరి మా పూర్వ విద్యార్థి ఇత్తడిని వాడలేదు, సరస్సు నీరు ఉప్పనిది కాదు. రేకు ఏల చెడెను? అపరాధి అతడు బలమునకై పెట్టిన చెక్క. చెదలు, బూజు పట్టకుండ చెక్కకు పట్టించు మందులలో చాలవాటియందు రాగి లవణములు ఉండును. అమెరికాలో 2003 సంవత్సరాంతమున ఇండ్ల పనులకు ఆర్సెనిక్కు గల పాత మందును మానివేసిన పిమ్మట వచ్చిన మందులలో కొన్నిటియందు రాగి పాలు ఇంకను హెచ్చు. చెక్క నీరు త్రాగి, ఆ రాగి లవణపు చెమ్మను రేకునకు అంటించి నెలల తరబడి పట్టియుంచెను. చెక్కలో రాగి అతని కంటికి కనబడలేదు, రేకునకు కనబడెను. మందు పట్టించిన చెక్కను అల్యూమినియమునకు ఆనించి పెట్టరాదన్న మాట అక్కడి పడవ పనివారికి తెలిసినదే; ఇతడు అడిగియుండలేదు.

మా ఉర్దూ విభాగపు మిత్రులొకరు ఈ ముక్కను చూచి ఒక చమత్కారము చెప్పిరి. ఉర్దూలో తుప్పును తెలుపు పదము వేరు, యుద్ధమును తెలుపు పదము వేరు; లిపిలో మొదటి అక్షరమే భిన్నము. తెలుగులో వ్రాసినచో రెండును "జంగు" అనియే యగును. ఈ రేకు విషయమున తెలుగు లిపి పొరపడలేదని వారి అభిప్రాయము.

పని చేయవలసిన క్రమము

ఇంతవరకు కారణములు. ఇక క్రమమును సంగ్రహముగా చెప్పుదుము.

మొదటిది, చోటును నిర్ణయించుట. కూర్చున్నవాడు లేవకుండ చేయి చాచి కర్రను అందుకొనగలుగు చోటే సరియైన చోటు. చిన్న పడవలో నిలుచుండిన మనుష్యుని వలన గరిమనాభి పైకి లేచును, పడవ ఒరుగును. తెడ్లు తిరుగు చోటును, మోటారు పిడి కదలు చోటును ఖాళీగా ఉంచవలెను. హోల్డరును తాత్కాలికముగా బిగింపు పట్టుతో నిలిపి ఒక దినము నీటిపై తిరిగి చూచిన తరువాతనే గుర్తు పెట్టుట మేలు.

రెండవది, వెనుక ఏమున్నదో చూచుట. అంచు క్రింద పెట్రోలు గొట్టము, విద్యుత్తీగ, తేలుటకై నింపిన నురుగు దిమ్మ ఉండవచ్చును. అమెరికాలో 1971 నాటి పడవల భద్రతా చట్టము తరువాత వచ్చిన నియమములవలన 20 అడుగులకు లోపైన సాధారణపు మోటారు పడవలు నీరు నిండినను తేలుచుండునట్లు చేయబడుచున్నవి. ఆ నురుగును తొలిచి పాడుచేయుట పడవ ప్రాణమును తొలుచుటయే. నీటిమట్టమునకు క్రింద ఏ కారణముచేతను రంధ్రము చేయరాదు.

మూడవది, రంధ్రము. కంటికి అద్దములు పెట్టుకొని, రేకుపై కాగితపు టేపు అంటించి, దానిపై గుర్తు పెట్టి, సెంటర్ పంచ్‌తో చిన్న గుంట చేయవలెను. లేనియెడల డ్రిల్లు జారి రేకును గీయును. వెనుక మామూలు చెక్కదిమ్మను ఆనించి, ముందుగా 3 మిల్లీమీటర్ల రంధ్రము, పిమ్మట బోల్టునకు తగినది చేయవలెను. అల్యూమినియం మెత్తనిదై డ్రిల్లు గాళ్ళలో అంటుకొనును. ఒక చుక్క కిరసనాయిలు వేసిన తెగుడు నునుపుగా సాగును. అంచులను ఆకురాయితో తీసి, రజను నంతటిని ఏరివేసి, కిరసనాయిలు జిడ్డును శుభ్రముగా తుడువవలెను. జిడ్డుపై సీలెంటు అంటదు.

నాలుగవది, కూర్పు. హోల్డరు పాదము క్రింద పలుచని రబ్బరు పొర లేక పడవలకు తగిన సీలెంటు; బోల్టు తల క్రిందను, కాడ చుట్టును అదే సీలెంటు; రేకు వెనుక అల్యూమినియం పలక; దానిపై నైలాను వాషరు, దానిపై పెద్ద ఉక్కు వాషరు, చివర నైలాను వలయము గల నట్టు. ఆ నట్టు బండిమీద కుదుపులకు వదులు కాదు. బిగించునపుడు బోల్టును కదలనీయక నట్టునే త్రిప్పవలెను. బోల్టు తిరిగినచో సీలెంటు పొర చిరుగును. తుప్పుపట్టని ఉక్కు నట్టు అదే జాతి బోల్టుపై వేగముగా త్రిప్పిన వేడెక్కి కరచుకొనిపోవును. కావున కొంచెము జిడ్డు రాచి మెల్లగా త్రిప్పవలెను.

ఐదవది, పరీక్ష. సీలెంటు ఆరిన పిమ్మట, పడవ నేలమీద ఉండగనే హోల్డరులో ఒక గట్టి కర్రను పెట్టి చేతితో నలుదిక్కులకు లాగి, రేకు గుంటపడుచున్నదా యని చూడవలెను. నేలమీద తెలియు తప్పు చౌక. ఆ తరువాత ఏడాదికొకసారి నట్టు విప్పి తెల్లని పొడి ఉన్నదేమో చూడవలెను.

రంధ్రము లేని మార్గము

రంధ్రము చేయక మానుటయు ఒక విద్యయే. అంచును రెండు వైపుల నుండి పట్టుకొను బిగింపు హోల్డరులు, అంచు పొడవున అమర్చిన పట్టాలో జరుపుకొను హోల్డరులు విపణిలో కలవు. కొత్తవానికి, అద్దె పడవవానికి మొదటి రకమే మేలు. బిగింపు దవడలకు రబ్బరు ఉన్నదో లేదో మాత్రము చూడవలెను.

ఈ సందర్భమున మన తీరమును తలంపక తప్పదు. మన కోస్తా బెస్తవారి తెప్ప, దుంగలను త్రాళ్ళతో కట్టినది. కోరమండల తీరమున ఒకప్పుడు వాడుకలోనుండిన మసూలా పడవల పలకలు మేకులతో గాక కొబ్బరిపీచు త్రాటితో కుట్టబడెడివి. అలలు ఒడ్డున విరిగిపడు చోట బిగుసుకొన్న అతుకు పగులును. వంగగల కుట్టు బ్రతుకును. త్రాటికి తుప్పు లేదు, లోహముల వైరము లేదు; దానికి కావలసినది తరచుగా విప్పి మరల కుట్టు ఓపిక. రేకు పడవవారు వెనుక పలకతోను, రబ్బరుతోను సాధింపజూచునది కూడ అదియే: బలమును ఒక్కచోట నిలువనీయక పంచుట.

చివరి మాట

పరికరము ఎంత చక్కగా బిగించినను ఒక విషయము దానికి పైన ఉన్నది. అమెరికా తీరరక్షక దళము ఏటేటా ప్రకటించు వినోదపు పడవల ప్రమాదముల లెక్కలలో, నీట మునిగి మరణించినవారిలో ప్రతి ఐదుగురిలో నలుగురికి పైగా లైఫ్ జాకెట్టు ధరింపనివారే. కర్ర పోయిన వేరొకటి కొనవచ్చును. హోల్డరు ఊడినపుడు దానిని పట్టుకొనుటకు ఎగబడరాదని పడవ ఎక్కకముందే పిల్లలకు చెప్పవలెను. కర్ర మొదటికి ఒక సన్నని త్రాడు కట్టి పడవకు ముడివేసినచో ఎగబడు అవసరమే రాదు.

విద్యార్థులారా! మా పూర్వ విద్యార్థి మందబుద్ధి కాడు. మొదటి శ్రేణిలో ఉత్తీర్ణుడైనవాడు. భ్రామకము, ప్రతిబలము, విద్యుద్రసాయన శ్రేణి మూడింటిని అతడు ఎరుగును. డ్రిల్లు చేతికి తీసికొన్నపుడు అవి అతనికి గుర్తు రాకుండుటకు కారణము, వాటిని నేర్పిన గదిలో డ్రిల్లు లేకుండుటయే. ఆ తప్పులో మా భాగము కూడ ఉన్నదని ఒప్పుకొనుచున్నాము.

అందువలన కళాశాల పాలక సంఘమువారికి ఒక మనవి. భౌతిక, రసాయన శాస్త్ర విద్యార్థులకు వారమునకు రెండు గంటలు చేతిపని తరగతి ఏర్పాటు చేయవలెననియు, అందులకు ఒక బల్ల, ఒక పట్టుడు వైసు, ఒక డ్రిల్లు, నాలుగు ఆకురాళ్ళు ఇప్పించవలెననియు ప్రార్థించుచున్నాము. పాత ప్రయోగశాల వరండా ఖాళీగనే ఉన్నది. ఊరిలోని ఫిట్టరు నొకరిని నెలకు రెండు దినములు పిలిచినచో ఆయన నుండి మేమును నేర్చుకొందుము.

ఆ రేకుముక్క ఇపుడు మా ప్రయోగశాలలోని అద్దాల బీరువాలో గాల్వనామీటరు ప్రక్కన ఉన్నది. మా పూర్వ విద్యార్థి తిరిగివెళ్ళి, పడవ అంచునకు కొత్త రేకు అతికించి, వెనుక పలకతో హోల్డరులను మరల బిగించినట్లు వ్రాసెను. ఈసారి కొలతలు తీసినది, రంధ్రముల అంచులకు ఆకురాయి పట్టినది అతని కుమారుడట.